రెండువందల పద్నాలుగో చుక్క

జూలై 9

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ చేతిలో పెట్టుకుని ఉత్తరం రాయడమేంటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అంటావు, వెనకాల టకటకా ఏదో కొడుతున్న చప్పుడు వినపడుతుంది, నేను మూడు సంగతులు చెప్పాక చివర్లో "అయితే బావ కులాసాయేనా" అంటావు. ఉత్తరమైతే చదవడానికైనా చేతులు ఖాళీ చేసుకుంటావు.

మీ బావ కులాసా. కొత్త కళ్ళజోడు వచ్చింది గానీ పాతదే పెట్టుకుంటున్నారు. కొత్తదాంట్లో అన్నీ మరీ స్పష్టంగా కనిపిస్తున్నాయట, నేను కూడా.

అసలు సంగతికి వస్తాను. నిన్న హెడ్మాస్టరు పిలిచి నా చేతిలో ఒక కాగితం పెట్టారు. పైన "ప్రాథమిక ఉపాధ్యాయుల నవ్యత, సాంకేతిక నైపుణ్యం" అని ఉంది. కింద నా మార్కులు. నలభైకి సున్నా. ఒరే, ఇరవై నాలుగేళ్ళ నుంచి ఒకటో తరగతి పిల్లలకి మార్కులు వేస్తున్నాను, ఇంతవరకు ఒక్కళ్ళకి సున్నా వెయ్యలేదు. ఏమీ రాయకపోతే పేరు రాసినందుకు ఒకటి వేసేదాన్ని. నా కాగితం మీద నా పేరు కూడా లేదు, ఏదో అంకె ఉంది.

ఇక్కడితో అయిపోతే ఏడ్చి ఊరుకునేదాన్ని. నవంబరులో పరిశీలకుడు వచ్చి ఒక పాఠం చూస్తాడట. అప్పుడు కూడా పదిహేను దాటకపోతే డిసెంబరు నుంచి నాకు తరగతి ఉండదు. సామాను గదికి పంపిస్తారు. అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, మ్యాపులు లెక్కపెడుతూ కూర్చోవాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఒకటో తరగతి తప్ప ఇంకేమీ చెయ్యలేదు, నాకు ఇంకేమీ చేతకాదు కూడా.

నిరుడు గోడకి స్మార్ట్ బోర్డులు పెట్టారని చెప్పాను కదా. అది బొటనవేలు పెడితే తెరుచుకుంటుంది. నా వేలు పెడితే "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది, ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా. నలభైసార్లు ప్రయత్నించినా అదే మర్యాద. ఇన్నేళ్ళూ సుద్దముక్క నలిపి నలిపి వేలిగీతలు అరిగిపోయాయని హెడ్మాస్టరు తేల్చారు. సరేలే, మేమేదో సర్దుకుంటున్నాం. ఆ సున్నాకి అర్థమేంటో మీ ఆఫీసులో ఎవరినైనా అడిగి రాయి. నువ్వు పనిచేసేది ఆ చదువుల ఆఫీసులోనేగా.

మరదలికి నా మాటగా చెప్పు, ఆ కుట్టుమిషన్ నేను వాడుకోవడం లేదు, ఎప్పుడైనా తీసుకెళ్ళొచ్చు.

బెల్లు కొట్టేశారు, ఉంటాను.
అక్క

*

జూలై 20

అక్కా,

సున్నా వచ్చిందని ఇంత గోలా! అది సున్నా కాదు, లెక్క పెట్టే రోజున నువ్వు సెలవులో ఉండుంటావు. రానివాళ్ళకి మా యంత్రం సున్నా వేస్తుంది. నవంబరులో బుద్ధిగా బడికి వెళ్ళు, అదే సర్దుకుంటుంది.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఆ పని చేసేది ఎవరో కాదు, నేనే. అదృష్టవంతురాలివి. తొమ్మిదివందల మంది టీచర్లు. ఒక్కొక్కరికి ఒక్కో చుక్క. కుడివైపు వెళ్ళేకొద్దీ సాంకేతిక నైపుణ్యం ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ ఆ తరగతి పిల్లలు బాగా చదువుతున్నట్టు. చుక్కలన్నీ పెట్టి చూస్తే ఎడమవైపు కింద నుంచి కుడివైపు పైకి ఒక గీత వచ్చింది. నైపుణ్యం పెరిగితే చదువు పెరుగుతుందన్నమాట. మా పై అధికారి చంకలు గుద్దుకున్నాడు. ఆరేళ్ళ సర్వీసులో ఆయన నాకు టీ చెప్పించడం ఇదే మొదటిసారి.

ఒక్క చుక్క మాత్రం తలనొప్పి తెచ్చిపెట్టింది. అంకె 214. నైపుణ్యం ఏమీ లేదు, పిల్లలు మాత్రం నూటికి తొంభైఒకటి! తొమ్మిదివందల చుక్కల్లో అదొక్కటే ఎడమవైపు పైన, ఎవరితోనూ మాట్లాడనట్టు నిలబడింది. తమాషా ఏంటంటే దాని ముందు అంకె 213, షీటు మొత్తానికి మొనగాడు. నైపుణ్యానికి ముప్పై తొమ్మిది, పిల్లలకి తొంభై. ఇలాంటివాళ్ళని వెతికి పట్టుకోమని పైనుంచి హుకుం. మాకు పేర్లు కనపడవు, అంకెలే. పేర్లు వేరే సెక్షనులో ఉంటాయి.

ఆ 214 టీచరు పరీక్షలో పిల్లలకి జవాబులు చెప్పేసి ఉండాలి, లేదా గుమాస్తా తప్పు కొట్టి ఉండాలి. తీసెయ్యమన్నారు, తీసేశాను. గీత ఎంత తిన్నగా వచ్చిందో చూస్తే నీకు ముచ్చటేస్తుంది.

కుట్టుమిషన్ సంగతి మీ మరదలికి చెప్పాను. నీ దగ్గరే ఉంచుకుంటే నువ్వే కుట్టుకుంటావని నేను అనేసరికి నావైపు అదోలా చూసింది.

నీ లెక్కలపురుగు

*

ఆగస్టు 2

తమ్ముడూ,

నేను సెలవులో ఉన్నానా? నిరుడు మొత్తంలో రెండురోజులు సెలవు పెట్టాను, రెండూ జ్వరానికే. అదీ హెడ్మాస్టరు బలవంతంగా పంపిస్తే. హాజరుపట్టీ తెప్పించి చూడు. నువ్వు చిన్నప్పుడు కూడా అంతే, నీకు తెలియనిదానికి ముందు ఒక కారణం చెప్పేస్తావు.

నీ ఉత్తరం చదివాక నాకు తల తిరిగిపోయింది. ఆ 214 ఆవిడని తీసేశావా? ఎందుకు తీసేశావు? పిల్లలకి తొంభైఒకటి వచ్చిందని తీసేస్తారా ఎవరైనా? ఆవిడ ఇప్పుడు ఏం చేస్తోంది? ఆవిడ మీద ఆధారపడినవాళ్ళు ఉండరా? పరీక్షలో జవాబులు చెప్పిందని నువ్వు చూశావా? ఒరే, ఆ పరీక్ష ఎలా పెడతారో నాకు తెలుసు. బయటినుంచి ఒకాయన వస్తాడు, ఎప్పుడూ చూడని పుస్తకం తెరిచి ఒక్కొక్క పిల్లని విడిగా చదివిస్తాడు. టీచర్ని వరండాలో నిలబెడతారు. ఆవిడేమైనా కిటికీలోంచి నోరు కదిపిందా?

మొగుడూ పెళ్ళాలు నా మిషన్ గురించి ఎందుకు పోట్లాడుకుంటున్నారో అర్థం కాలేదు.

ఇక్కడ ఒక మంచి వార్త. మా పక్కగదిలో రెండో తరగతి చెప్పే అమ్మాయి ఉంది, పిల్లలు నన్ను పెద్దటీచర్ అని, ఆమెని చిన్నటీచర్ అని అంటారు. ఆమెకి మెచ్చుకోలు కాగితం వచ్చింది. పెద్దాఫీసుకి రమ్మని కబురు. ఆరేళ్ళ నుంచి తాత్కాలికంగా పనిచేస్తోంది పాపం, ఏటా సెలవులు అయిపోయేదాకా మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు. కాగితం చూసి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను గానీ, ఆ తర్వాత ఇంటికి నడిచి వస్తుంటే, ఈ పిల్ల వెళ్ళిపోతే నా గదిలో బోర్డు తెరిచేదెవరని గుండెలో రాయి పడింది.

మీ బావ నన్ను చూసి ఏమైందని అడిగారు. పాత కళ్ళజోడుతో కూడా కనిపించిందంటే నా మొహం ఎలా ఉందో చూసుకో.

అక్క

*

ఆగస్టు 13

అక్కా,

నువ్వు నవ్వించి చంపుతావు. 214ని ఉద్యోగంలోంచి కాదు, కాగితంలోంచి తీశాను! ఆవిడ ఎక్కడో హాయిగా పాఠాలు చెప్పుకుంటూనే ఉంటుంది. ఒక చుక్క పోయినంతమాత్రాన ఎవరికీ ఏమీ కాదు.

కానీ మెచ్చుకోలు కాగితం మీ బడికి వచ్చిందా! అక్కా, ఆ కాగితం పంపింది ఒక్క 213కే, అంటే ఆ 213 మీ చిన్నటీచరే! మీ పక్కగదిలో ఇంత మొనగత్తెని పెట్టుకుని నువ్వు సున్నా తెచ్చుకుంటావా? ఆమె బోర్డు వాడిన గంటలు ఎన్నో తెలుసా? ఏడాదికి నాలుగువందల పన్నెండు. మీ రెండో తరగతి టైంటేబులులో బోర్డుకి అన్ని గంటలు లేవు, నేను లెక్కవేశాను. అంటే బడి అయిపోయాక కూడా కూర్చుని సాధన చేస్తోందన్నమాట. అదీ పట్టుదలంటే. నా నివేదికలో ఒక పేరా మొత్తం ఆమె మీదే రాశాను, ఇలాంటివాళ్ళని శిక్షకులుగా వెయ్యాలని. నివేదిక పైకి వెళ్ళిపోయింది.

ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరంలో ఆ అమ్మాయికి మంచి జరిగిందని రాస్తూనే గుండెలో రాయి పడిందన్నావు. సహజమే. నీకన్నా చిన్నది, నిన్నగాక మొన్న వచ్చింది. కానీ అసూయ పడటం కన్నా, ఆమె ఉన్న ఈ కొద్దిరోజులూ పక్కన కూర్చుని నేర్చుకుంటే నీకే మంచిది. వయసుతో పనేముంది?

మిషన్ మీద పోట్లాట ఏమీ లేదు. అది వేరే విషయం.

తమ్ముడు

*

ఆగస్టు 25

తమ్ముడూ,

అసూయా? ఆ మాట చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది. పదిరోజులు కాగితం ముట్టుకోలేదు. ఇప్పుడు చెప్తాను, విను. విని ఎవరికీ చెప్పకు, ఇది రూలుకి విరుద్ధం.

నా వేలికి బోర్డు తెరుచుకోదని రాశానా? మొదటివారంలో చిన్నటీచర్ వచ్చి తన వేలు పెట్టి తెరిచింది. తెరిచాక నాకు ఏది నొక్కాలో తెలియక నేను నించుంటే, తనే పాఠం మొదలుపెట్టింది. నీళ్ళు పారినట్టు చెప్పేసింది. అక్షరం బొమ్మ కదులుతూ వస్తుంది, శబ్దం వస్తుంది, నా పిల్లలు గాల్లో వేలుపెట్టి రాస్తున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అంతలో పక్కగదిలో ఆమె పిల్లలు పైకప్పు లేపేస్తున్నారు. నేను వెళ్ళి కూర్చున్నాను. మా రెండు గదులకీ మధ్యలో తలుపు ఉంది.

ఆమె తరగతిలో తొమ్మిదిమంది ఒక్క ముక్క చదవలేరని అప్పుడు తెలిసింది. చిన్నటీచర్ది గాలివేగం. తెలివైన పిల్లలు ఆమె వెంట పరిగెడతారు, ఈ తొమ్మిదిమంది దుమ్ములో మిగిలిపోయారు. వాళ్ళ పక్కన కూర్చుని, గీత కింద వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గర ఆగి చదివించడం మొదలుపెట్టాను. నాకు వచ్చిందల్లా అదే. ఆ రోజు నుంచి రోజూ పదకొండూ పదికి బెల్లు కొట్టగానే ఆమె ఇటు, నేను అటు. ఏడాది పొడుగునా. ఇద్దరం ఎదురైనప్పుడు తలుపు దగ్గర ఒకళ్ళకొకళ్ళం ఆ రోజు ఎవరు మొండికేశారో చెప్పుకుంటాం.

నీ నాలుగువందల పన్నెండు గంటల్లో సగానికి దగ్గర నా గదివి. బడి అయ్యాక సాధన చేసిందట! బడి అయ్యాక ఆమె బస్సు వెనక పరిగెడుతుంది.

ఇప్పుడు నన్ను అడుగు, మా పిల్లలకి చదువు ఎవరివల్ల వచ్చిందని. నా పిల్లలకి నా వల్లా? బోర్డు వల్లా? ఆమె వల్లా? ఆమె పిల్లలకి? నాకు తెలియదురా. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నే రాలేదు. నువ్వు గీత గీశాకే వచ్చింది. పనంతా కలిపి చేసినదాన్ని ఇద్దరికి పంచమంటే ఎక్కడ కొయ్యాలో నాకు తెలియడం లేదు.

ఇంకొకటి. పొద్దున ఆ సున్నా కాగితం మళ్ళీ తీసి చూశాను. పేరు ఉండాల్సినచోట ఉన్న అంకె 214. పక్క అంకె మా చిన్నటీచర్దని తెలిశాక కూడా, 214 ఎవరై ఉంటారా అని నీకు తోచలేదు. పిల్లలకి జవాబులు చెప్పేసిన టీచర్ని నేనే.

అక్క

*

సెప్టెంబరు 4

అక్కా,

మూడు కాగితాలు చింపాను. నా నోటికి హద్దు లేదు. క్షమించు.

ఇవాళ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి ఫైలు తీయించాను. 214ని మళ్ళీ పెట్టాను. ఒక సవరణ కాగితం రాశాను. 213, 214 విడివిడి మనుషుల నైపుణ్యం కాదని, ఇద్దరు టీచర్లు గదులు మార్చుకుని చేసిన ఒకే పని అని, గంటలన్నీ ఒకరి వేలి మీద పడ్డాయని, ఇలాంటివి ఇంకెన్ని బడుల్లో ఉన్నాయో తెలియకుండా ఆ గీతని నమ్మకూడదని. మీ బడి పేరు రాయలేదు, భయపడకు. పై అధికారి చేతికిచ్చి ఇప్పుడే బయటికి వచ్చాను. ఈ ఉత్తరం పోస్టాఫీసు బల్ల దగ్గర నించుని రాస్తున్నాను.

నీ సున్నా సున్నా కాదని ఇప్పుడు కాగితం మీద ఉంది. నీ తరగతి నీ దగ్గరే ఉంటుంది.

తమ్ముడు

*

సెప్టెంబరు 6

తమ్ముడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. రాకముందే రాస్తున్నాను, దయచేసి ఏమీ చెయ్యకు. నిన్ను నేను ఎరుగుదును. తప్పు చేశానని తెలిస్తే వెంటనే దిద్దాలని పరిగెడతావు, ఆ పరుగులో ఇంకోటి పడగొడతావు.

చిన్నటీచర్కి శిక్షకురాలి ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు. నీ నివేదికలో పేరా చూసే ఇచ్చారట, ఆర్డరులో ఆ మాటే ఉంది. ఈ నెల పదిహేనున చేరాలి. ఆర్డరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పెద్దటీచర్, ఇందులో సగం మీది, నాకు సిగ్గుగా ఉంది, వెళ్ళనా వద్దా" అంది. సగమేంటే, వెళ్ళు, అన్నాను. ఆరేళ్ళుగా ఆ పిల్ల ఇంటి అద్దె కాగితం మీద కూడా ఒక్క ఏడాదికి మించి సంతకం పెట్టలేదు, వచ్చే ఏడు ఎక్కడుంటానో తెలియదని. నువ్వు నోరు తెరిస్తే అదంతా పోతుంది.

నాకు యాభైరెండు. సామాను గదిలో కూర్చుంటే ఏమవుతుంది, కాళ్ళనొప్పులు తగ్గుతాయి. ఇలా రాస్తున్నానే గానీ నాకు ఏడుపొస్తోంది. ఒకటో తరగతి లేకపోతే పొద్దున్నే లేచి ఎందుకు తయారవ్వాలో నాకు తెలియదు. అయినా సరే, నువ్వు నోరు మూసుకో. ఇంతవరకు నిన్ను ఏమీ కోరలేదు.

అక్క

*

సెప్టెంబరు 17

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఎదురయ్యాయి. నీది చేతికి వచ్చేసరికి నాది నీకు అందే ఉంటుంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను, అర్థం చేసుకోవడం నా వల్ల కావడం లేదు. పై అధికారి నా సవరణ మొత్తం చదివాడు. రెండుసార్లు చదివాడు. "నువ్వు చెప్పింది నిజమే" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత పెన్సిలు తీసి 213 మీద, 214 మీద గుండ్రంగా చుట్టి, "అయితే ఈ రెండూ నమ్మదగ్గవి కావు, రెండూ తీసెయ్" అన్నాడు. తీసేశారు. గీత ఇంకా తిన్నగా వచ్చింది.

మీ చిన్నటీచర్ ఉద్యోగానికి ఏమీ కాదు. ఆ ఆర్డరు ఇచ్చింది వేరే సెక్షను, వాళ్ళు పాత నివేదిక చూశారు, కొత్తది వాళ్ళ దగ్గరికి వెళ్ళదు. నీ సున్నా ఇంకో సెక్షనుది, అక్కడికీ వెళ్ళదు. నేను నిజం చెప్పినందువల్ల నువ్వు గట్టెక్కలేదు, ఆమె మునగలేదు, నా గీత మాత్రం బాగుపడింది. నాతో కూడా ఎవరూ గొడవ పడలేదు. మళ్ళీ టీ చెప్పించాడు. ఆ టీ బల్ల మీదే వదిలేసి వచ్చాను.

ఇక చేతనైంది చేద్దాం. బోర్డు కింద ఎడమవైపు చిన్న బొత్తం ఉంటుంది. అది నొక్కితే వేలు అక్కర్లేదు, ఆరంకెల నంబరు కొడితే చాలు. మీ హెడ్మాస్టరు బీరువాలో ఉన్న పుస్తకంలో పదకొండో పేజీ. ఏడాదిగా మీ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదా? నవంబరులో వచ్చే పరిశీలకుడి ఫారం నేను చూశాను. బొమ్మలు వాడటం, శబ్దం వాడటం, పిల్లల చేత తాకించడం, అన్నిటికీ మార్కులున్నాయి. ఒక్కటి గుర్తుపెట్టుకో, పాఠం మధ్యలో గది దాటితే మిగతావి ఎన్ని వచ్చినా మొత్తం సున్నా.

తమ్ముడు

*

అక్టోబరు 6

తమ్ముడూ,

నీ మీద కోపం లేదు. ఉండాలో వద్దో తెలియలేదు కాబట్టి వదిలేశాను.

ఆ నంబరు పనిచేసింది. హెడ్మాస్టరుని పదకొండో పేజీ గురించి అడిగితే బీరువా తాళంచెవి వెతుక్కున్నారు. మొదటి నాలుగురోజులు నా అవస్థ చెప్పనలవి కాదు. అక్షరం పెద్దది చెయ్యబోతే తలకిందులైంది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు, ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి ఎక్కడ నొక్కాలో నాకు చూపించారు. ఇప్పుడు పర్వాలేదు. నిజం చెప్పొద్దూ, కొన్ని పాఠాలకి ఆ యంత్రం బాగుంది. ఉచ్చారణ నాకన్నా ఓపిగ్గా చెప్తుంది. ఇన్నాళ్ళూ దాని మీద అలిగి ఏం సాధించానో తెలియదు.

చిన్నటీచర్ వెళ్ళి మూడువారాలు. ఆమె చోట్లోకి ఇంకా ఎవరూ రాలేదు. రెండో తరగతి ఖాళీగా ఉంది, హెడ్మాస్టరు వరండాలోంచి అప్పుడప్పుడు కేకేస్తుంటారు, అదే పాఠం. ఈ ఏడు వేరే బడుల నుంచి వచ్చి రెండో తరగతిలో చేరినవాళ్ళలోనూ చదవలేనివాళ్ళు తొమ్మిదిమందే తేలారు, పదకొండూ పదికి నా గదిలో బోర్డు మీద పాఠం పెట్టేసి నేను వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను. ఒక్క నిమిషం ఆలస్యమైతే వాళ్ళే మధ్య తలుపు కొడుతున్నారు.

ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. హాల్లో నలభైమంది టీచర్లని కూర్చోబెట్టారట. బోర్డు సంగతులు అన్నీ చెప్పిందట. ఆఖర్న ఒకావిడ లేచి, బొత్తాలు సరే, వెనకబడ్డ పిల్లల చేత ఎలా చదివించారో అది చెప్పండి, అందట. "పెద్దటీచర్, ఏం చెప్పాలో తెలియక నీళ్ళు తాగుతూ నించున్నాను. మీరు ఏం చేసేవారు? నేనెప్పుడూ చూడలేదు, ఆ టైములో మీ గదిలో ఉండేదాన్ని కదా" అని రాసింది. జవాబు రాద్దామని కూర్చుంటే నాకూ రాలేదు. పక్కన కూర్చుంటాను, వేలు పెడతాను. అంతకన్నా ఏం చేస్తానో నేనూ ఎప్పుడూ చూసుకోలేదు.

పరిశీలకుడు నవంబరు పదకొండున వస్తున్నాడు, పది యాభైకి. పాఠం పన్నెండుకి పది నిమిషాలు ఉందనగా అయిపోతుంది. టైము చూశావా?

అక్క

*

అక్టోబరు 18

అక్కా,

టైము చూశాను. నువ్వు ఏం ఆలోచిస్తున్నావో కూడా తెలుసు. ఒక్కరోజు. ఒక్క గంట. ఆ రోజు నువ్వు అటు వెళ్తే డిసెంబరు నుంచి ఏ రోజూ అటు గానీ ఇటు గానీ వెళ్ళలేవు, రెండు తరగతులకీ నువ్వు ఉండవు. లెక్క ఇంత తేలిక. ఆ గంటసేపు తలుపు వైపు చూడకు. నా మాట విను, ఇదొక్కసారి నేను చెప్పేది సరైనదే.

మీ మరదలు నీకోసం మొక్కుకుంటానంటోంది. మిషన్ గురించి అడిగితే ఇప్పుడు అదా అంది.

తమ్ముడు

*

నవంబరు 15

తమ్ముడూ,

నెగ్గాను. నలభైకి ఇరవైఆరు. ఒకటో తరగతి నాదే. మీ బావ కొత్త కళ్ళజోడు పెట్టుకుని మరీ మార్కుల కాగితం చదివారు. నీకు సంతోషంగా ఉంటుంది, నాకూ ఉండాలి.

జరిగింది నీకొక్కడికే రాస్తున్నాను. పరిశీలకుడు మంచివాడే. చివరి బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు, చిన్నపిల్లల బెంచీ కదా. నంబరు మొదటిసారే కరెక్టుగా కొట్టాను. బొమ్మలు వచ్చాయి, పిల్లలు వరసగా వచ్చి బోర్డు తాకారు, అంతా నువ్వు చెప్పినట్టే. తొమ్మిదిమందికి ముందురోజే చెప్పాను, రేపు రాలేను, మీరే కూర్చుని చదువుకోండి అని. తలలూపారు. రెండో తరగతి పిల్లలు దేనికైనా తలలూపుతారు.

పదకొండూ పదికి బెల్లు అయింది. మధ్య తలుపు మీద చప్పుడు. చిన్నది, ఒక్క వేలిది. అది ఎవరిదో నాకు తెలుసు. ఆ తొమ్మిదిమందిలో ఒక పిల్ల ఉంది, చదివేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటే గాని నోరు విప్పదు. నా తరగతిలో ముందు వరస పిల్లాడు, "టీచర్, తలుపు" అన్నాడు. బోర్డు చూడమన్నాను. మళ్ళీ కొట్టింది. "పెద్దటీచర్" అని కూడా అంది. పరిశీలకుడు తలెత్తాడు.

నేను బోర్డు శబ్దం పెంచాను.

మూడోసారి కొట్టిందో లేదో తెలియదు, వినపడలేదు. ఆయన ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో నిన్న కాగితం వచ్చాక చూశాను. శబ్దాన్ని సందర్భానికి తగినట్టు ఉపయోగించారు, అయిదుకి అయిదు.

ఆయన వెళ్ళగానే తలుపు తీశాను. తొమ్మిదిమందీ ఎవరి చోట్లలో వాళ్ళు కూర్చుని ఉన్నారు, పుస్తకాలు మూసి. ఎవరూ అలగలేదు, ఎవరూ ఏడవలేదు. నేనే ఏడ్చేదాన్ని, వాళ్ళ ముందు ఎందుకని ఆపుకున్నాను. నువ్వు చెప్పిన లెక్క తప్పని నేను అనడం లేదు. ఆ లెక్క ప్రకారం చేసింది నేనే, నీ మీదకి నెట్టను. నా తరగతి పోయినా పర్వాలేదని నీకు రాసినదాన్ని, ఆ చప్పుడు విన్న క్షణాన నాకు నా తరగతి తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. నేను ఇలాంటిదాన్నని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ మర్నాటి నుంచి మధ్య తలుపు మూయడం లేదు. హెడ్మాస్టరు చూసి తన దారిన వెళ్ళారు. రోజూ బెల్లు కొట్టకముందే వెళ్ళి కూర్చుంటున్నాను. ఆ పిల్ల పక్కన కూర్చుంటే తను చదువుతోంది. గడగడా కాదు గానీ, తప్పుల్లేకుండా, ఒక పేజీ మొత్తం. నా చెయ్యి మాత్రం పట్టుకోవడం లేదు. బల్ల మీద పెట్టి ఉంచుతున్నాను, ముట్టుకోవడం లేదు. చదవడం వచ్చేసి వదిలేసిందో, నా మీద నమ్మకం పోయి వదిలేసిందో నాకు తెలియడం లేదు. ఏడేళ్ళ పిల్లని ఆ మాట ఎలా అడగను? నీకు ఇన్ని లెక్కలు వచ్చు కదా, దీన్ని కనుక్కునే దారి ఏమైనా ఉంటే రాయి.

అక్క